ఎల్‌ఈడీ వెలగకపోతే ఏది ఎక్కువ చెబుతుంది? మైక్రోకంట్రోలర్‌కు సాఫ్ట్‌వేర్ ఎంచుకునే పద్ధతి

కొత్తగా మైక్రోకంట్రోలర్ బోర్డు, అంటే ఒకే చిప్‌లో చిన్న కంప్యూటర్ ఉన్న బోర్డు, చేతికొచ్చిన వాళ్లు ముందుగా అడిగే మాట దాదాపు ఒకటే: కోడ్ రాసి బోర్డులోకి ఎక్కించడానికి కంప్యూటర్లో ఏది ఇన్‌స్టాల్ చేయాలి? ఆర్డుయినో ఐడీఈనా, థానీనా, ప్లాట్‌ఫామ్‌ఐఓనా, లేక చిప్ తయారుచేసిన కంపెనీ ఇచ్చే సొంత సాఫ్ట్‌వేరా? జవాబులకు కొదవ లేదు. ఒక్కోదానిలో ఎన్ని సౌకర్యాలున్నాయి, ఎన్ని బోర్డులకు పనికొస్తుంది అని వరుసపెట్టి చెప్పేస్తారు. కానీ అన్నీ సవ్యంగా జరిగిన రోజున వీటిలో దేనితోనైనా ఎల్‌ఈడీ మిణుకుమంటుంది. ఆ లెక్కన పోలిస్తే పెద్ద తేడా కనపడదు.

తేడా కనపడేది ఎల్‌ఈడీ వెలగని రోజున. తప్పు ఫలానా వరుసలో ఉందని చెబుతుందా, అర్థంకాని నంబర్లు పడేసి ఊరుకుంటుందా, అసలు ఉలుకూ పలుకూ లేకుండా ఉంటుందా? నేర్చుకునే కాలమంతా మనం గడిపేది ఆ తప్పులతోనే కాబట్టి, ఎంపిక కూడా అక్కడి నుంచే మొదలవ్వాలని నా గట్టి అభిప్రాయం. ఈ పోలిక అంతా ఆ కోణంలోనే.

మైక్రోకంట్రోలర్ పనిలో తప్పు మూడు చోట్ల జరుగుతుంది. కంప్యూటర్‌కు బోర్డు కనపడకపోవడం ఒకటి. బోర్డు కనపడినా కోడ్ అందులోకి ఎక్కకపోవడం రెండోది. ఎక్కిన కోడ్ అనుకున్నట్టు నడవకపోవడం మూడోది. మొదటిదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తీర్చలేదు, కాబట్టి దాన్ని ముందే దాటేద్దాం.

ముందుగా కేబుల్, పోర్టు

ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే యూఎస్‌బీ కేబుళ్లు ఉంటాయి. వాటిలో డేటా తీగలు ఉండవు. బోర్డు మీద పవర్ లైటు వెలుగుతుంది కాబట్టి కేబుల్ మీద మనకు అనుమానమే రాదు. ఫోన్ నుంచి ఫొటోలు కాపీ చేయడానికి పనికొచ్చిన కేబుల్‌నే వాడండి, ఈ గొడవ ఉండదు.

విండోస్‌లో బోర్డు గుచ్చగానే డివైస్ మేనేజర్ తెరిచి, పోర్టుల వరుసలో కొత్త కామ్ నంబరు వచ్చిందా చూడండి. పసుపు రంగు హెచ్చరిక గుర్తు పడితే డ్రైవర్ లేదని అర్థం. బోర్డు మీద ఉన్న యూఎస్‌బీ చిప్ సీహెచ్340నో, సీపీ2102నో చూసి దాని డ్రైవర్ వేసుకోవాలి. లినక్స్‌లో డ్రైవర్ అవసరం రాదు గానీ, మీ యూజర్‌ను డయల్‌అవుట్ గ్రూపులో చేర్చి ఒకసారి లాగౌట్ అయి రావాలి. ఆర్చ్‌లో ఆ గ్రూపు పేరు యూయూసీపీ.

ఉబుంటు 22.04 వాడేవాళ్లకు ఇంకో మాట. సీహెచ్340 ఉన్న బోర్డు గుచ్చితే పోర్టు ఒక్క క్షణం కనపడి మాయమైపోవచ్చు. నాకు ఇది ఎదురైనప్పుడు ముందు బోర్డే పోయిందనుకున్నాను. సిస్టమ్ సందేశాలు చూపే డీమెసేజ్ (dmesg) కమాండ్ ఇచ్చి చూస్తే విషయం బయటపడింది: ఒక వరుసలో టీటీవైయూఎస్‌బీ0 అతుక్కుంది అని, ఆ వెంటనే బీఆర్‌ఎల్‌టీటీవై అనే పేరు, ఆ కింద డిస్కనెక్ట్. అది బ్రెయిలీ డిస్‌ప్లేల కోసం పనిచేసే సర్వీసు. సీహెచ్340 గుర్తింపు నంబరే ఒక బ్రెయిలీ పరికరానికీ ఉండటంతో మన బోర్డును తనదనుకుని లాక్కుంటుంది. ఆ కంప్యూటర్‌కు బ్రెయిలీ డిస్‌ప్లే ఎవరూ వాడకపోతే ఆ ప్యాకేజీ తీసేస్తే సరిపోతుంది. ఇలాంటిది తెలియక మంచి బోర్డును పక్కన పడేసేవాళ్లుంటారు, అందుకే ఇంత వివరంగా చెప్పాను.

థానీ, మైక్రోపైథాన్, పికో

రాస్ప్‌బెర్రీ పై పికో 2021 జనవరిలో వచ్చింది. ఆర్‌పీ2040 చిప్, 133 మెగాహెర్ట్‌జ్ దగ్గర నడిచే రెండు కోర్లు, 264 కిలోబైట్ల ర్యామ్, 2 మెగాబైట్ల ఫ్లాష్. కొత్తవాళ్లకు ఈ అంకెల కన్నా పనికొచ్చేది దాని మీది బూట్‌సెల్ బటన్. ఆ బటన్ నొక్కి పట్టుకుని కేబుల్ గుచ్చితే బోర్డు పెన్‌డ్రైవ్‌లాగా తెరుచుకుంటుంది. ఒక యూఎఫ్2 ఫైలు అందులో వేస్తే చాలు, మైక్రోపైథాన్, అంటే ఇలాంటి చిన్న చిప్‌ల మీద నడిచే పైథాన్, ఎక్కిపోతుంది. డ్రైవర్ గొడవ లేదు. ఈ తొలి మెట్టు చిప్‌లోని ఆర్‌ఓఎంలో, అంటే మనం చెరపలేని శాశ్వత మెమరీలో ఉంటుంది. ఎంత చెత్త కోడ్ ఎక్కించినా ఆ బటన్‌తో మళ్లీ మొదటికి రావచ్చు. నేర్చుకునేవాళ్లకు ఇంతకు మించిన ధైర్యం ఇంకొకటి లేదు.

థానీ అనేది ఎస్టోనియాలోని టార్టు విశ్వవిద్యాలయంలో పుట్టిన పైథాన్ ఎడిటర్. పైన కోడ్ రాసుకునే చోటు, కింద కొట్టిన వరుసను వెంటనే నడిపే షెల్, అంతే. కుడివైపు కింది మూలన బోర్డును ఎంచుకుంటే షెల్‌లో మూడు బాణాల గుర్తు వస్తుంది. ఇప్పుడు కోడ్ రాయకుండానే ఇలా చేసి చూడండి. మెషీన్ మాడ్యూల్ నుంచి పిన్ ఇంపోర్ట్ చేసుకునే వరుస టైపు చేసి ఎంటర్ నొక్కండి. తర్వాత 25వ పిన్‌ను అవుట్‌గా పెట్టి దానికి ఎల్‌ఈడీ అని పేరు ఇవ్వండి. మూడో వరుసలో ఎల్‌ఈడీ, చుక్క, ఆన్, ఖాళీ బ్రాకెట్లు. ఎంటర్ మీద నుంచి వేలు తీసేలోపే బోర్డు మీద లైటు వెలుగుతుంది. ఆఫ్ అని రాస్తే ఆరుతుంది. కోడ్‌ను చిప్ భాషలోకి మార్చే కంపైల్ లేదు, అప్‌లోడ్ లేదు. ఒక్కో వరుస ఏం చేస్తుందో చేత్తో పట్టుకున్నట్టు తెలుస్తుంది.

ఇక తప్పు చేద్దాం. ఎల్‌ఈడీ పేరులో ఒక అక్షరం తప్పు కొడితే ట్రేస్‌బ్యాక్ వస్తుంది: ఏ ఫైలు, ఎన్నో వరుస, ఆ పేరు ఎక్కడా నిర్వచించలేదు అన్న మాట. మొదటి వారంలో వచ్చే తప్పులు చాలావరకు ఇలాంటివే. వీటి విషయంలో ఇంత సూటిగా మాట్లాడే ఏర్పాటు ఈ జాబితాలో మరొకటి లేదు.

చిక్కులు రెండున్నాయి. పికో డబ్ల్యూ అయితే 25వ పిన్ మాట చెల్లదు, అందులో ఎల్‌ఈడీ వైఫై చిప్‌కు కలిపి ఉంటుంది. నంబరు బదులు కొటేషన్లలో ఎల్‌ఈడీ అనే పేరు ఇవ్వాలి. పాత పాఠం చూసి 25 అని కొట్టినవాళ్లకు ఎర్రర్ రాదు, లైటూ వెలగదు. రెండోది, కోడ్‌ను కంప్యూటర్‌లోనే సేవ్ చేసి, కేబుల్ తీసి ఛార్జర్‌కు పెడితే ఏమీ నడవదు. బోర్డులోకి, అదీ మెయిన్ డాట్ పై అనే పేరుతోనే సేవ్ చేయాలి.

వేగం తక్కువన్నది నిజమే. మైక్రోసెకన్లు లెక్కపెట్టే పనులకు మైక్రోపైథాన్ సరిపోదు. ఎల్‌ఈడీ, సెన్సర్, చిన్న డిస్‌ప్లే, నెట్‌కు డేటా పంపడం లాంటి పనులకు ఆ లోటు తెలియను కూడా తెలియదు.

ఆర్డుయినో ఐడీఈ

ఆర్డుయినో 2005లో ఇటలీలోని ఇవ్రియాలో మొదలైంది. ఇన్నేళ్లలో పోగైన లైబ్రరీలు, పాఠాలు, ప్రశ్నలకు జవాబులు దీని అసలు బలం. దాదాపు ఏ సెన్సర్ తీసుకున్నా దానికి ఆర్డుయినో లైబ్రరీ దొరుకుతుంది. 2022లో వచ్చిన రెండో తరం ఐడీఈలో పేరు సగం కొట్టగానే మిగతాది అందిస్తుంది, సీరియల్ ప్లాటర్‌లో గ్రాఫు గీసి చూపిస్తుంది.

బోర్డు గుచ్చి, పైన వరుసలో బోర్డును, పోర్టును ఎంచుకుని, ఉదాహరణల్లోంచి లైటును మిణుకుమనిపించే బ్లింక్ తెరిచి, బాణం గుర్తు నొక్కడమే. ఆర్డుయినో బోర్డు ఊనో ఆర్3 మీద బ్లింక్ కంపైల్ చేస్తే కింద ఓ వరుస వస్తుంది, 924 బైట్లు వాడింది, గరిష్ఠం 32256 అని. వెర్షన్ మారితే మొదటి అంకె అటూ ఇటూ కావచ్చు. ఊనో చిప్ ఏటీమెగా328పీలో ఫ్లాష్ 32768 బైట్లు కదా, మిగతా 512 ఏమయ్యాయి? అవి బూట్‌లోడర్‌వి, అంటే యూఎస్‌బీ మీదుగా మన కోడ్‌ను అందుకుని ఫ్లాష్‌లో రాసే చిన్న ప్రోగ్రాముకు కేటాయించినవి. ఆ ఒక్క వరుస చదివితే చిప్ లోపల ఏముందో సగం అర్థమైనట్టే, దాన్ని దాటేసి పోకండి.

ఇక్కడ చాలామంది మోసపోయే చోటు ఒకటుంది. ఎన్నో బోర్డులు పెట్టెలోంచి తీసేసరికే బ్లింక్ ఎక్కించి వస్తాయి. అప్‌లోడ్ ఫెయిలైనా లైటు మిణుకుమంటూనే ఉంటుంది, మనదే నడుస్తోందని సంబరపడతాం. అందుకని మొదటి అప్‌లోడ్‌కు ముందే డిలే లోని 1000ని 100 చేయండి. లైటు చకచకా కొట్టుకుంటేనే అది మీ కోడ్. ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నా ఈ పరీక్ష మాత్రం మానకండి.

తప్పుల సంగతికొస్తే ఆర్డుయినో మధ్యరకం. కంపైల్ తప్పులకు ఎర్ర అక్షరాల్లో వరుస నంబరుతో సహా చెబుతుంది. అప్‌లోడ్ తప్పులు మాత్రం కొత్తవాళ్లను బెదరగొడతాయి. ఊనో మీద ప్రోగ్రామర్ సింక్‌లో లేదని పదిసార్లు వస్తే, అది చాలావరకు తప్పు పోర్టు, తప్పు బోర్డు ఎంపిక, లేదా 0, 1 పిన్‌లకు ఏదో తగిలించి ఉండటం. చిన్న ఆర్డుయినో బోర్డు నానోకు నకలు (క్లోన్) అయితే ప్రాసెసర్ మెనూలో పాత బూట్‌లోడర్‌ను ఎంచుకోండి. పాతది 57600 వేగంతో మాట్లాడుతుంది, కొత్తది 115200తో. వైఫై ఉన్న ఈఎస్‌పీ32 బోర్డు మీద కనెక్టింగ్ అని చుక్కలు పడుతూ ఆగిపోతే, బోర్డు మీది బూట్ బటన్ నొక్కి పట్టుకుని, రాయడం మొదలయ్యాక వదలండి.

కోడ్ ఎక్కాక నడవకపోతే మాత్రం దిక్కు సీరియల్ ప్రింటే, అంటే కోడ్‌లోంచి కంప్యూటర్ తెర మీదికి విలువలు పంపి చూసుకోవడమే. ఐడీఈ 2లో నడిచే కోడ్‌ను మధ్యలో ఆపి చూసే డీబగ్ బటన్ ఉంది గానీ ఊనో ఆర్3కి అది పనిచేయదు. ఈఎస్‌పీ32 మధ్యలో కుప్పకూలితే గురు మెడిటేషన్ ఎర్రర్ అని, దాని కింద హెక్సాడెసిమల్ చిరునామాల వరుస వస్తుంది. ఆ అంకెలు ఏ ఫైల్లో ఏ వరుసో ఈ ఐడీఈ తనంతట తాను చెప్పదు.

ప్లాట్‌ఫామ్‌ఐఓ

వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌లో ఎక్స్‌టెన్షన్‌గా కూర్చునేది ఇది. లోపల అదే ఆర్డుయినో కోడ్, అవే లైబ్రరీలు. తేడా అంతా ప్లాట్‌ఫామ్‌ఐఓ డాట్ ఐఎన్ఐ అనే చిన్న ఫైల్లో ఉంది. ఏ బోర్డు, ఏ లైబ్రరీ, దాని ఏ వెర్షన్ అన్నది అందులో రాసిపెడతాం.

వెర్షన్ రాసిపెట్టడం అంత ముఖ్యమా? ఒక ఉదాహరణ చూడండి. ఈఎస్‌పీ32 ఆర్డుయినో ప్యాకేజీ 3.0లో ఎల్‌ఈడీ వెలుతురు తగ్గించి పెంచే పాత ఫంక్షన్లు లెడ్‌సీసెటప్, లెడ్‌సీఅటాచ్‌పిన్ తీసేసి, వాటి చోట లెడ్‌సీఅటాచ్ ఒక్కటి పెట్టారు. నిన్నటిదాకా నడిచిన ప్రాజెక్టు, ఐడీఈ అప్‌డేట్ అడిగితే సరే అన్నందుకు మర్నాడు కంపైల్ కాదు. వెర్షన్ రాసిపెట్టిన ప్రాజెక్టుకు ఆ బాధ లేదు. ఆర్నెల్ల తర్వాత తెరిచినా అలాగే నడుస్తుంది.

తప్పులు చూపడంలో ఆర్డుయినో ఐడీఈ కన్నా ఒక మెట్టు పైనే. ఐఎన్ఐ ఫైల్లో ఈఎస్‌పీ32 ఎక్సెప్షన్ డీకోడర్ ఫిల్టర్ ఒక్క వరుస రాస్తే, ఇందాకటి చిరునామాల వరుస ఫైలు పేరుగా, వరుస నంబరుగా మారి వస్తుంది.

అయినా మొదటి రోజున దీన్ని వద్దనే అంటాను. ఆర్డుయినో ఐడీఈ చాటుగా చేసిపెట్టే చిన్న సాయాలు ఇక్కడ ఉండవు. ఆర్డుయినో హెడర్‌ను మీరే ఇంక్లూడ్ చేయాలి, కింద రాసిన ఫంక్షన్‌ను పైన వాడితే ముందే ప్రకటించాలి. సీరియల్ మానిటర్ వేగం చెప్పకపోతే 9600 అనుకుంటుంది, కోడ్‌లో 115200 ఉంటే తెర నిండా చెత్త అక్షరాలు. ఇవన్నీ రెండు నిమిషాల పనులే, కానీ మొదటి రోజున తప్పు కోడ్‌దో, సెట్టింగ్‌దో తెలియక తికమకపడతారు. రెండో ప్రాజెక్టు నాటికి మారండి, ఆ మార్పు విలువ అప్పుడు తెలుస్తుంది.

ఈఎస్‌పీ ఐడీఎఫ్

ఈఎస్‌పీ32 తయారీదారు ఎస్‌ప్రెసిఫ్ సొంత ఏర్పాటు ఇది. టూల్స్ అన్నీ కలిపి గిగాబైట్లలో జాగా కావాలి. ఇన్‌స్టాల్ చేసే ఫోల్డర్ దారిలో ఖాళీలు, ఇంగ్లిష్ కాని అక్షరాలు లేకుండా చూసుకోండి, డ్రైవ్ మొదట్లోనే పొట్టి పేరుతో పెట్టుకుంటే నిశ్చింత. మొదటి బిల్డ్‌లో వందల ఫైళ్లు కంపైల్ అవుతాయి, ఆగిపోయిందేమోనని ఆపేయకండి. రెండోసారి నుంచి మారిన ఫైళ్లే కంపైల్ అవుతాయి.

ఇందులో బ్లింక్ రాస్తే ఫ్రీఆర్‌టాస్ అనే, పలు పనులను (టాస్కులను) నడిపే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ పరిచయం తప్పదు. ఆర్డుయినో అలవాటుతో దీని విరామం ఫంక్షన్ వీటాస్క్‌డిలేలో 1000 అని రాస్తారు, ఒక సెకనుకు మారాల్సిన లైటు పది సెకన్లకు మారుతుంది. ఎందుకంటే ఆ 1000 మిల్లీసెకన్లు కావు, టిక్కులు. మామూలు సెట్టింగ్‌లో సెకనుకు వంద టిక్కులు, అంటే ఒక్కోటి పది మిల్లీసెకన్లు. మిల్లీసెకన్లను టిక్కులుగా మార్చే మ్యాక్రో ఉంది, దాన్నే వాడాలి. ఇక డిలే లేకుండా ఖాళీ లూప్ తిప్పారనుకోండి, కాసేపటికి ఇరుక్కుపోయిన పనులను కనిపెట్టే టాస్క్ వాచ్‌డాగ్ మొరిగి ఏ టాస్క్ కోర్‌ను వదలడం లేదో పేరుతో సహా చెబుతుంది. ఆర్డుయినో డిలే వెనక దాగి ఉన్న సంగతులు ఇలా ఒక్కొక్కటే బయటికొస్తాయి.

తప్పులు చెప్పడంలో దీనికి నేను పెద్దపీట వేస్తాను. దీని మానిటర్ ఏ సెట్టింగూ అడక్కుండానే చిరునామాలను ఫైలు, వరుసలుగా మార్చేస్తుంది. ఈఎస్‌పీ32 రకాలైన ఎస్3, సీ3 చిప్‌లలో డీబగ్‌కు కావాల్సిన జేట్యాగ్ లోపలే ఉంది, బోర్డు దాని యూఎస్‌బీ పిన్‌లను బయటికి ఇస్తే వేరే పరికరం లేకుండానే బ్రేక్‌పాయింట్, అంటే కోడ్ ఆగాల్సిన చోటు, పెట్టుకోవచ్చు. మానిటర్ నుంచి బయటికి రావాలంటే కంట్రోల్‌తో పాటు కుడి చదరపు బ్రాకెట్ నొక్కాలి, ఇది తెలియక టెర్మినల్‌నే మూసేస్తుంటారు.

సీ భాష రాకుండా దీని జోలికి పోవద్దు. పాయింటర్, స్ట్రక్చర్ అంటే తడబాటు లేనివాళ్లకు మాత్రం, ఈఎస్‌పీ32ను లోతుగా వాడాలంటే దారి ఇదే.

ఎస్‌టీఎం32 క్యూబ్‌ఐడీఈ, న్యూక్లియో బోర్డు

ఎస్‌టీ మైక్రోఎలక్ట్రానిక్స్ కంపెనీ తన ఎస్‌టీఎం32 చిప్‌ల కోసం, ఎక్లిప్స్ అనే ఐడీఈ మీద కట్టిన ఈ ఐడీఈ 2019లో వచ్చింది. ఆ కంపెనీదే అయిన న్యూక్లియో బోర్డు మీదే ఎస్‌టీ లింక్ డీబగ్గర్ ఉండటం దీని గొప్పతనం. ఒక్క కేబుల్‌తో కోడ్ ఎక్కుతుంది, ఏ వరుస దగ్గర కావాలంటే అక్కడ ఆగుతుంది, ఆగిన చోట వేరియబుల్ విలువలు, చిప్‌ను నడిపించే రిజిస్టర్లు అనే చిన్న మెమరీ గదుల్లో బిట్లు కళ్లముందుంటాయి. అనుకున్నట్టు నడవని కోడ్‌ను పట్టుకోవడంలో ప్రింట్‌తో ఊహించడానికీ దీనికీ పోలికే లేదు.

న్యూక్లియో 64 బోర్డుల్లో చాలావాటికి ఆకుపచ్చ ఎల్‌ఈడీ పీఏ5 పిన్ మీద ఉంటుంది. పిన్‌ను మార్చే టాగుల్ ఒక వరుస, విరామానికి హాల్ డిలే ఒక వరుస రాస్తే బ్లింక్ అయిపోయినట్టే. ఎక్కడ రాస్తున్నారన్నది మాత్రం చూసుకోండి. పిన్‌ల అమరికను బట్టి కోడ్‌ను క్యూబ్ టూల్ తయారుచేస్తుంది, అందులో యూజర్ కోడ్ బిగిన్, యూజర్ కోడ్ ఎండ్ అనే వ్యాఖ్యలు ఉంటాయి. ఆ రెండింటి మధ్య రాసింది నిలుస్తుంది. బయట రాస్తే, రేపు ఇంకో పిన్ కలిపి కోడ్ మళ్లీ జనరేట్ చేయగానే మీరు రాసిందంతా తుడిచిపెట్టుకుపోతుంది, అడగను కూడా అడగదు.

బోర్డు ఇంకా చేతికి రాకపోతే

వోక్వీ అనే సిమ్యులేటర్ బ్రౌజర్లోనే నడుస్తుంది. ఊనో, ఈఎస్‌పీ32, పికో మూడూ అందులో ఉన్నాయి. కోడ్ నేర్చుకోవడానికి నిక్షేపంలా పనికొస్తుంది. కేబుల్, డ్రైవర్, వదులైన తీగ లాంటి తిప్పలు మాత్రం అందులో ఉండవు కాబట్టి, అసలు బోర్డు వచ్చిన రోజున ఆ పాఠం విడిగా నేర్చుకోవాలి.

ఇంతకీ ఎవరికి ఏది

ప్రోగ్రామింగే కొత్తయితే, లేదా పైథాన్ కాస్త వచ్చుంటే, పికో డబ్ల్యూ, థానీ తీసుకోండి. వేరే ఆలోచన వద్దు. ఎవరడిగినా నేను ముందు చెప్పేది ఇదే. పిల్లలకు నేర్పాలన్నా ఇదే.

చేయాల్సిన వస్తువు మనసులో ఉండి, దానికి నాలుగైదు సెన్సర్లు, ఒక డిస్‌ప్లే, ఒక మోటారు కలపాలంటే ఆర్డుయినో ఐడీఈ. బోర్డుగా ఊనోనా, ఈఎస్‌పీ32నా అంటే, ఊనో 5 వోల్టుల బోర్డు, వైరింగ్‌లో చిన్న పొరపాట్లకు అంత సులువుగా లొంగదు. కానీ ఊనో ఆర్3లో ర్యామ్ 2 కిలోబైట్లే, వైఫై లేదు. ఈఎస్‌పీ32కు అవన్నీ ఉన్నాయి, 3.3 వోల్టుల పిన్‌లు మాత్రం 5 వోల్టులకు తట్టుకోవు. పికో సంగతీ అంతే. హెచ్‌సీ ఎస్‌ఆర్04 లాంటి దూరం కొలిచే సెన్సర్ ఎకో పిన్‌ను నేరుగా కలపకుండా మధ్యలో రెండు రెసిస్టర్లతో వోల్టేజీ తగ్గించండి.

ఇప్పటికే ఆర్డుయినోలో రెండు మూడు ప్రాజెక్టులు చేసి, పాతది మళ్లీ తెరిస్తే కంపైల్ కాక విసిగిపోయినవాళ్లు ప్లాట్‌ఫామ్‌ఐఓకు వెళ్లండి. కోడ్ దాదాపు అదే, నేర్చుకోవాల్సింది ఆ ఒక్క ఐఎన్ఐ ఫైలే.

ఎంబెడెడ్ ఉద్యోగం లక్ష్యమైతే క్యూబ్‌ఐడీఈతో న్యూక్లియో, లేదా ఐడీఎఫ్‌తో ఎస్3 బోర్డు. ఈ రెండింటిలో నా మొగ్గు న్యూక్లియో వైపు. బ్రేక్‌పాయింట్ దగ్గర ఆపి, పిన్‌లకు వెళ్లే విలువలుండే ఓడీఆర్ రిజిస్టర్‌లో 5 నంబరు బిట్ 0 నుంచి 1 కావడం, అదే క్షణాన ఎల్‌ఈడీ వెలగడం ఒక్కసారి చూడండి. పిన్‌కు 1 రాయడమంటే ఏమిటో ఆ తర్వాత ఎవరూ వివరించాల్సిన పని ఉండదు.

ఒకేసారి అన్నీ ఇన్‌స్టాల్ చేసుకోకండి. ఒకే పోర్టును రెండు ప్రోగ్రాములు తెరిచి పెడితే రెండోది పోర్టు బిజీగా ఉందంటుంది. థానీ వెనకాల తెరిచి ఉంచి ఆర్డుయినోలో అప్‌లోడ్ నొక్కితే వచ్చేది ఆ ఎర్రరే. ఒకటి ఎంచుకుని, లైటు వేగం మార్చి చూసి, ఆ తర్వాత ఒక లెక్కింపు అంకెను సీరియల్‌లో ప్రింట్ చేయించి, కేబుల్ తీసి మళ్లీ గుచ్చినా దానంతట అదే నడుస్తోందేమో చూడండి. ఈ మూడూ జరిగితే మీ ఏర్పాటు పూర్తయింది, ఇక సెన్సర్ తగిలించుకోవచ్చు.